మహారాజశ్రీ వంటింటి కిటికీ గట్టు గారికి

మహారాజశ్రీ వంటింటి కిటికీ గట్టు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఉత్తరానికి మర్యాద. కాని మన ఇద్దరిలో కుశలంగా ఉన్నది తమరొక్కరే కనుక, ఆ మాటను సగానికి కుదించి, తమరు క్షేమమని తలుస్తాను అని మాత్రమే రాసుకుంటున్నాను. విన్నవించుకునే విషయం ఏమనగా, రాత్రి తమ గాజుకు ఆనుకుని ఉన్న, మన తులసికి దాయాదైన బేసిల్ కొమ్మల ఆకులన్నీ ఈ ఉదయానికి నల్లబడి, మెత్తబడి, కాడలకు వేలాడుతున్నాయి. నిన్న సాయంత్రం దాకా పచ్చగా ఉన్న మొక్క అది. ఇవాళ్టి వంటలో దాని స్థానం ఖరారై కూడా ఉన్నది.

బేసిల్ వేడి ప్రాంతాల మొక్క. ఉష్ణోగ్రత పది పన్నెండు డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు జారితే చాలు, మంచు కురవనక్కరలేదు, నీరు గడ్డకట్టనక్కరలేదు, దాని కణాల పొరలు దెబ్బతిని ఆకులు నల్లబడిపోతాయి. ఈ సంగతి తమకు తెలియదని అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే గది నడుమ హాయిగా ఇరవై డిగ్రీలు ఉన్న రాత్రి కూడా గాజును ఆనుకున్న గాలి అందులో సగానికి పడిపోగలదన్నది తమ ఏలుబడిలో నిత్యం జరుగుతున్న వ్యవహారమే. పైగా తమ కిందనే హీటరు ఉన్నది. పగలంతా అది కుండీలోని మట్టిని అడుగు నుంచి ఎండగడుతుంది, రాత్రంతా తమరు ఆకులను కొసల నుంచి వణికిస్తారు. ఒకే మొక్కకు ఒకే రోజున రెండు వాతావరణాలు చూపించిన ఘనత తమది.

అయినా చలి సంగతి నేను పట్టించుకోకుండా వదిలేయగలను. రాత్రి పూట కుండీని ఒక మూర వెనక్కి జరిపితే తీరిపోయే తగాదా అది. నేను వదిలిపెట్టలేనిది వెలుగు సంగతి.

శీతాకాలంలో ఇంట్లో ఆకుకొమ్మలు పెంచుకోవడం గురించి ఎవరు ఏది రాసినా అందులో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఎండ తగిలే కిటికీ గట్టు మీద పెట్టండి, చలికాలమంతా తాజా ఆకులు కోసుకోండి. కుండీకి గుచ్చిన అట్టముక్క మీద కూడా ఇదే వాక్యం ఉంటుంది, పక్కనే నవ్వుతున్న ఒక పసుపుపచ్చని సూర్యుడి బొమ్మతో. ఇంత పెద్ద వాగ్దానం తమ పేరు మీద ఇన్నేళ్లుగా చెలామణి అవుతుంటే తమరు ఒక్కసారైనా ఖండించిన దాఖలా లేదు. ఖండించకపోగా, మధ్యాహ్నం వేళ ఒక పలుచని ఎండ చారను కుండీల మీద పరిచి, చూశారా అన్నట్టు మెరిసి, మనిషి నమ్మి వంట మొదలుపెట్టేలోపే దాన్ని గోడ మీదికి జరిపేస్తారు.

మనిషి కన్ను మోసపోవడానికి సిద్ధంగా ఉంటుంది, అది వేరే సంగతి. వెలుగు తగ్గితే కనుపాప పెద్దదవుతుంది, మెదడు సర్దుకుంటుంది, గది వెలుతురుగానే ఉన్నదని మనకు అనిపిస్తుంది. మొక్కకు ఆ సౌకర్యం లేదు. అది వెలుగును చూడదు, లెక్కపెడుతుంది. నడివేసవిలో ఆరుబయట మధ్యాహ్నపు ఎండ, వెలుగును కొలిచే లెక్కలో, లక్ష లక్సుల దాకా ఉంటుంది. దీపాలు వెలుగుతున్న మామూలు గదిలో ఉండేది కొన్ని వందలు మాత్రమే. మబ్బు పట్టిన చలికాలపు రోజున తమ మీద పడే వెలుగు ఈ రెంటిలో రెండోదానికే చుట్టం. సూర్యుడు ఆకాశంలో కిందికి వంగి ఉంటాడు, పగలు కుదించుకుపోతుంది, గాజు తన వాటా తాను తీసుకుంటుంది, ఇక ఇంటి గోడా పైకప్పూ కలిసి సగం ఆకాశాన్ని ముందే మింగేసి ఉంటాయి. రోజుకు కనీసం ఆరు గంటల నిండు ఎండ కావాలనే మొక్కకు తమరు వడ్డించేది ఇది.

ఆ వడ్డించేదైనా ఒక పక్కనుంచే. చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల కొసలకు చిన్న టోపీలు తొడిగి, టోపీ ఉన్న మొలక వెలుగు వైపు వంగదనీ, వెలుగు జాడను పసిగట్టేది కొసేననీ గుర్తించి 1880లో ప్రచురించారు. కొస నుంచి కిందికి దిగే ఒక పదార్థం నీడ వైపున ఎక్కువగా చేరి అక్కడి కణాలను సాగదీస్తుందనీ, అందుకే కాడ వెలుగు వైపు ఒరుగుతుందనీ ఆ తరువాతి శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ పదార్థానికి ఆక్సిన్ అని పేరు. తండ్రీకొడుకులు అంత శ్రమపడి రాబట్టిన సంగతిని నేను ఏ టోపీ తొడగకుండానే తమ సన్నిధిలో ప్రతి చలికాలం చూస్తున్నాను. కొత్తిమీరను పోలిన పార్స్లీ మొత్తం గాజు మీదికి వాలి ఉన్నది. కుండీని తిప్పితే నాలుగు రోజుల్లో అటు తిరిగి మళ్లీ వాలుతుంది. బేసిల్ ఆకుకూ ఆకుకూ నడుమ బెత్తెడు కాడ పెంచి, ఆ కాడను నిలబెట్టుకునే బలం లేక వంగి, చివరకు తమ చల్లని గాజు మీదనే తల ఆనించుకున్నది. తరువాత ఏమి జరిగిందో పైన మనవి చేసుకున్నాను. అంటే వెలుగు ఆశ చూపి దగ్గరకు పిలిచినవారూ తమరే, దగ్గరకు వచ్చాక చంపినవారూ తమరే.

ఆ మిగిలిన ఆకులనైనా నలిపి వాసన చూస్తే అందులో ఏమున్నది? సువాసన తైలాన్ని తయారుచేసుకోవడానికి ఆకుకు మిగులు ఆదాయం ఉండాలి. తమ గట్టు మీద దానికి బతుకు వెళ్లడమే గగనం.

సరే, వెలుగు లేని పేదవారు తమరు, లేనిది ఎక్కడి నుంచి తెస్తారు అని సరిపెట్టుకుందును. కాని నిన్న మధ్యాహ్నం సీసాలు తీశాను.

వేసవిలో చెట్ల వెంటా గట్ల వెంటా తిరిగి, ఒక్కొక్క ఆకునూ పోల్చుకుని, అనుమానం ఉన్నదాన్ని అక్కడే వదిలేసి, మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోసి తెచ్చినవి అవి. అడవి థైమ్ ఉన్నది, ఒరెగానో ఉన్నది, చేతులు మండించుకుని కోసిన నెటిల్ ఆకు ఉన్నది. ఎండితే నెటిల్ ముళ్లకు మంట పెట్టే శక్తి పోతుంది, రుచి మాత్రం మిగులుతుంది. నిమ్మవాసన వేసే లెమన్ బామ్ ఉన్నది. వాటిని నీడలో, గాలి ఆడే చోట, నలభై డిగ్రీల వేడికి మించకుండా, కాడ వంచితే పుటుక్కున విరిగేదాకా ఆరబెట్టాను. తమరు ఆ పనిలో ఎక్కడా లేరు, అందుకే అది సక్రమంగా జరిగింది. సీసాల్లోకి చేరాక మాత్రం, వంటింటి అందమంతా గాజు సీసాలను కిటికీ గట్టు మీద వరసగా పేర్చడంలోనే ఉన్నదని లోకమంతా బొమ్మలు తీసి చూపిస్తున్న పుణ్యాన, అవి తమ వశమయ్యాయి.

నిన్న చూస్తే అన్నీ ఎండుగడ్డి రంగులో ఉన్నాయి. నెటిల్ ఆకుపచ్చ పోయి బూడిదరంగు మిగిలింది. లెమన్ బామ్ సీసా మూత తీసి ఊపిరి పీల్చితే ధూళి వాసన తప్ప మరొకటి తగల్లేదు. ఏమయ్యా, బతికి ఉన్న బేసిల్‌కు పిడికెడు పెట్టడానికి నీ దగ్గర లేని వెలుగు, చచ్చి సీసాలో ఉన్న థైమ్ మీద పొయ్యడానికి ఎక్కడి నుంచి వచ్చింది? దానికి సమాధానం కూడా నాకు తెలుసు. బతికి ఉన్న ఆకు వెలుగు చేసిన నష్టాన్ని ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటుంది, ఎండిన ఆకుకు ఆ శక్తి ఉండదు కనుక రోజూ నువ్వు గిల్లిన గిల్లుడు నెలల తరబడి పోగై పచ్చదనాన్నీ తైలాన్నీ తినేస్తుంది. పెంచడానికి చాలనిది చెరచడానికి చాలింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న సామెత ఎవరిని చూసి పుట్టిందో గాని, నిన్ను చూసి మాత్రం బలపడింది. ఒక వేసవిని సీసాలో పోసి నీ చేతికిస్తే గడ్డి చేసి తిరిగి ఇచ్చావు. ఏకవచనం దొర్లినందుకు క్షమాపణ కోరడం లేదు.

మిగిలిన ఫిర్యాదులు చిన్నవి, తమ స్థాయికి తగినవి కావు, అయినా దాఖలు కోసం రాస్తున్నాను. తెల్లవారుజామున తమ గాజు మీద చేరే తేమ కిందికి కారి, ఆరబెట్టిన అడవి గులాబీ కాయల పళ్లేన్ని తడిపి బూజు పట్టించింది. ఆ కాయల లోపలి నూగు గొంతులో దురద పెడుతుందని ఓపికగా ఒక్కొక్క కాయనూ చీల్చి గీకినవారెవరో తమరు అడగలేదు. ఉల్లికాడల వంటి చైవ్స్‌కు చలికాలం నిద్ర కాలం. వాటిని వెచ్చగా ఉంచి నిద్ర చెడగొడతారు, మేలుకున్నవాటికి వెలుగు పెట్టరు. కర్టెన్ గురించి నేను మాట్లాడను. అది రాత్రి మూసుకున్నప్పుడు కుండీలు గదిలోకి కాక గాజు వైపునకు మిగిలిపోయేలా దాన్ని వేలాడదీసినవారిని వేరే ఉత్తరంలో పలకరిస్తాను. తమ మీద ఎవరికైనా సంతృప్తి ఉన్నదంటే అది పిల్లికే, అదీ పార్స్లీ కుండీని కిందికి తోసి చోటు చేసుకున్నాక.

నన్ను మరింత కుంగదీసేది తమ అవతలి దృశ్యం. గాజుకు అటువైపు, నేలలో, తమ సాయం ఏమీ లేకుండా థైమ్ పచ్చగా ఉన్నది, సేజ్ ముడుచుకున్నా చావలేదు, పాదుల్లో కలుపు మొక్కగా మొలిచే చిక్‌వీడ్ చలిలోనే తీగలు సాగిస్తున్నది. చలికాలపు అడవి మనిషిని ఆదుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1535 చలికాలంలో కెనడాలోని నేటి క్విబెక్ దగ్గర నది గడ్డకట్టి ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే ఓడలు చిక్కుకున్నప్పుడు, విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ జబ్బుతో అతని మనుషులు వరసగా చనిపోతుంటే, అక్కడి స్టాడకోనా ప్రజలు అనెడ్డా అనే సతతహరిత వృక్షపు ఆకునూ బెరడునూ కాచి తాగడం నేర్పి మిగిలినవారిని నిలబెట్టారు. అది ఏ చెట్టో పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు కనుక, కనిపించిన పచ్చని సూదినల్లా కాచుకునేవారు యూ చెట్టు కూడా చలికాలంలో పచ్చగానే ఉంటుందనీ, దాని ఆకు ప్రాణం తీస్తుందనీ గుర్తుంచుకోవాలి. ఏమైనా ఆ ప్రాణాలు నిలిచింది మంచులో నిలబడ్డ చెట్టు వల్ల, కిటికీ గట్టు వల్ల కాదు.

గాజుదే తప్పు అని తప్పించుకునే వీలు కూడా తమకు లేదు. 1833లో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు మూతబిగించిన గాజు పెట్టెల్లో మొక్కలను లండన్ నుంచి సిడ్నీకి ఓడ మీద పంపితే, అవి నెలల తరబడి ఉప్పుగాలిని దాటుకుని ప్రాణాలతో చేరాయి. సముద్రాలు దాటించిన గాజు వంటింట్లో ఒక రాత్రిని దాటించలేకపోయింది. అంతకంటే పరువు తక్కువ సంగతి మరొకటి ఉన్నది. 19వ శతాబ్దంలో బెల్జియంలో వాడుకలోకి వచ్చిన పద్ధతి ప్రకారం, శరదృతువులో తవ్విన, ఆకుకూరగా తినే చికోరీ మొక్క దుంపలను తడిమట్టిలో నిలబెట్టి పూర్తి చీకట్లో ఉంచితే, కొన్ని వారాల్లో తెల్లని, కరకరలాడే లేత మొగ్గలు వస్తాయి. అంటే చలికాలంలో తాజా ఆకు ఇవ్వడంలో తలుపు మూసిన అలమర తమకంటే నయం.

కనుక ఈ రాత్రి నుంచి అమలులోకి వచ్చే ఏర్పాట్లు ఇవి. సీసాలన్నీ అలమరలోకి వెళతాయి. చికోరీ దుంపలు వాటి కింది అరలో చేరతాయి. బేసిల్‌లో బతికిన కొమ్మలు గది లోపలి బల్ల మీద, రోజుకు పద్నాలుగు గంటలు వెలిగే ఎల్‌ఈడీ దీపం కింద, జానెడు ఎత్తులో ఉంటాయి. ఆ దీపం తమరిలా మధ్యాహ్నం గోడ మీదికి జరిగిపోదు. ఎండితే వాసన నిలవని పార్స్లీనీ కొత్తిమీరనూ ఇకమీదట సన్నగా తరిగి, నీళ్లతో కలిపి మంచుగడ్డలుగా ఫ్రీజరులో దాచుకుంటాను. తైలాన్ని ఆకు మీది చిన్న గ్రంథుల్లో భద్రపరచుకోగలిగిన థైమ్, ఒరెగానో, రోజ్‌మేరీ మాత్రమే ఎండబెట్టడానికి అర్హత పొందుతాయి.

రోజ్‌మేరీ అనగానే న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. హీటరు లేని వెనకగదిలో తమ సోదరుడు, అక్కడి గట్టు, దాన్ని చల్లగా, పొడిగాలి తగలకుండా, వేళ్లు ఎండిపోనివ్వకుండా ఈ చలికాలమంతా నిలుపుకొచ్చాడు. ఆ గదిలోకి వెళ్లి దాని కొమ్మను రెండు వేళ్ల మధ్య నలిపినప్పుడు మీ వంశం మీద నాకున్న కోపం కొద్దిసేపు చల్లారుతుంది. వంటింట్లోకి రాగానే మళ్లీ వస్తుంది.

పగటి నిడివి పది గంటలు దాటిన తరువాత తమ విజ్ఞప్తిని పునఃపరిశీలిస్తాను. అప్పుడు తమకు అప్పగించేది విత్తనాల పళ్లెం ఒక్కటే, అదీ మొలకలు ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టేదాకా. గాజు మీది తేమను రోజూ తుడిచే బాధ్యత నాది. పిల్లిని ఒప్పించే బాధ్యత తమది.

ఇట్లు,
ఈ పూటకు బేసిల్ లేకుండా వంట చేసుకుంటున్న
తమ ఇంటి మనిషి