పారిస్-మాడ్రిడ్ రేసులో తప్పు వేగానిదేనా?

మోటార్ రేసింగ్ తొలి రోజులంటే అందరూ సాహసం గురించే చెబుతారు. 1895 రేసులో పారిస్ నుంచి నైరుతి ఫ్రాన్స్‌లోని బోర్డోకి కారులో వెళ్లి తిరిగి రావడానికి ఫ్రెంచ్ డ్రైవర్ ఎమిల్ లెవాసోర్‌కి 48 గంటలకు పైగా పట్టింది. ఆ మొండి పట్టుదలకు నేనూ దండం పెడతాను. కానీ ఆ రేసులు జరిగింది జనం రోజూ నడిచే రోడ్ల మీద. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

1901లో పారిస్-బెర్లిన్ రేసులో ఒక పిల్లవాడు కారు కింద పడి చనిపోయాడు. ఫ్రెంచ్ ప్రభుత్వం రేసులు ఆపేసింది, మళ్లీ మెత్తబడింది. కార్ల పరిశ్రమ అప్పటికే పెద్దదైపోయింది మరి.

1903 మే 24 తెల్లవారుజామున పారిస్ పక్కనున్న వెర్సాయ్ నుంచి రెండు వందలకు పైగా వాహనాలు మాడ్రిడ్‌కి బయలుదేరాయి. దారి పొడవునా జనం, రోడ్డుకి ఆనుకునే నిలబడ్డారు. చాలాచోట్ల అడ్డంగా ఒక తాడు కూడా లేదు. ముందు కారు లేపిన దుమ్ములో వెనక కారువాడికి దారే కనిపించదు. ఆ దుమ్ములోనే ఇంకో కారును దాటబోయి, రెనో కార్ల కంపెనీ పెట్టిన అన్నదమ్ముల్లో ఒకడైన మార్సెల్ రెనో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అంగులేమ్ దగ్గర రోడ్డు మీదికొచ్చిన పిల్లవాడిని కాపాడబోయి ఒక సైనికుడు చనిపోయాడు. ప్రభుత్వం రేసును బోర్డోలోనే ఆపేసింది. అక్కడికి అందరికంటే తక్కువ సమయంలో చేరిన ఫెర్నాండ్ గాబ్రియెల్ సగటు వేగం గంటకు 105 కిలోమీటర్లు.

తప్పంతా వేగం మీదికి నెట్టేయడం తేలిక. నా దృష్టిలో అసలు తప్పు, జనానికీ కారుకీ మధ్య ఏమీ పెట్టకుండా అనుమతి ఇచ్చినవాళ్లది. 1901లోనే హెచ్చరిక అందింది కదా!

జాగ్రత్తలు అసాధ్యమేమీ కావని మూడేళ్లకే తేలింది. 1906 జూన్‌లో ల మాన్ దగ్గర జరిగిన మొదటి ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో ఊరి నుంచి ఊరికి పరుగు లేదు. 103 కిలోమీటర్ల చుట్టు, రెండు రోజుల్లో 12 సార్లు. జనం ఉండేచోట్ల చెక్క కంచెలు కట్టారు, దుమ్ము లేవకుండా రోడ్డుకి తారు పూశారు. ఎండకి ఆ తారు కరిగి డ్రైవర్ల కళ్లలో పడి బాధపెట్టింది, నిజమే. కానీ వేగం పెద్దగా తగ్గలేదు. 1903లో మార్సెల్ తమ్ముడు లూయీ పక్కన మెకానిక్‌గా కూర్చున్న ఫెరెంక్ సిస్, ఈసారి తానే రెనో కారు నడిపి గెలిచాడు.