ఆడి పాడితే అది పనెలా అవుతుందండీ?

దక్షిణ కొరియా లేబర్ మినిస్ట్రీకి ముందు నా తరపున ఓ నమస్కారం. 2024 నవంబర్‌లో వాళ్ళు ఒక మాట తేల్చి చెప్పారు, పొద్దున్నే కార్డు గీకి ఆఫీసులోకి వెళ్ళే మనలాంటి వాళ్ళం ఆ మాట ఫ్రేము కట్టించుకోవాలి. కేపాప్ ఐడల్, అంటే కొరియా పాప్ గ్రూపుల్లో ఆడి పాడే స్టార్, కార్మికుడు కాదట.

జరిగింది ఏంటంటే, న్యూజీన్స్ గ్రూపులో హానీ అనే అమ్మాయి అక్టోబర్‌లో నేషనల్ అసెంబ్లీ (వాళ్ళ పార్లమెంటు) కమిటీ ముందుకొచ్చి, కంపెనీ బిల్డింగులో వేరే గ్రూపు ఎదురైతే నేను పలకరించాను, వాళ్ళ మేనేజరేమో నన్ను పట్టించుకోవద్దని వాళ్ళకి నా ముందే చెప్పారు అని ఏడ్చింది. అవతలి వాళ్ళు అబ్బే అలాంటిదేం లేదన్నారు. ఫ్యాన్స్ అప్పటికే ఇది పనిచోట వేధింపు అని కంప్లైంట్ పెట్టేశారు. మినిస్ట్రీ వాళ్ళు వేధింపు జరిగిందా లేదా అన్నదాకా వెళ్ళనేలేదు, ఆ చట్టం కార్మికులకి, ఈ అమ్మాయి కార్మికురాలే కాదు, ఇంక వేధింపెక్కడిది అని ఫైలు మూసేశారు. ఎంత హాయి!

కారణాలు కూడా బంగారంలాంటివి. పని గంటలు ఫిక్స్‌డ్‌గా లేవన్నారు. కరెక్టే కదా, తెల్లవారుజామున నాలుగింటికి మేకప్ కుర్చీలో కూర్చుని మళ్ళీ అర్ధరాత్రి దాటాక ప్రాక్టీస్ రూములో తేలితే అందులో గంటలు ఎవడు లెక్కపెడతాడు? పని చేసే చోటు కూడా ఫిక్స్‌డ్ కాదన్నారు. అదీ నిజమే, ఎయిర్‌పోర్టులో నడిచినా కెమెరాలే కాబట్టి చోటు అనేదానికి హద్దే లేదు. జీతం కాదు లాభంలో వాటా అన్నారు, కట్టేది కూడా జీతగాళ్ళ టాక్స్ కాదు వ్యాపారస్తుల టాక్స్ అన్నారు. అన్నిటికీ మించి, రెండు పక్షాలూ సమాన హోదాలో రాసుకున్న కాంట్రాక్టు అన్నారు చూడండీ, అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి. 2022 జులైలో ఆ గ్రూపు డెబ్యూ అయ్యేనాటికి అందులో చిన్నపిల్లకి 14 ఏళ్ళు. ఈ పక్కన ఆ పిల్ల, ఆ పక్కన 2020లోనే స్టాక్ మార్కెట్‌కి ఎక్కిన హైబ్ అనే పెద్ద మ్యూజిక్ సంస్థ వారి కంపెనీ. త్రాసు అస్సలు కదల్లేదు.

ఇంతకుముందు ఈ సమానత్వం ఇంకా ఘనంగా ఉండేది. టీవీఎక్స్‌క్యూ అనే గ్రూపులో ముగ్గురు 2009లో తమని నడిపే ఎస్‌ఎం కంపెనీ మీద కోర్టుకెళ్ళారు, ఎందుకంటే కాంట్రాక్టు 13 ఏళ్ళు. ఆ గొడవ తర్వాత ప్రభుత్వం మోడల్ కాంట్రాక్టు తెచ్చి 7 ఏళ్ళు చాల్లే అంది. అందుకే ఏడో ఏడు వస్తోందంటే, కాంట్రాక్టు అయిపోయాక గ్రూపు ఉంటుందో ఊడుతుందో అని ఫ్యాన్స్‌కి ఏలినాటి శని పట్టినట్టు ఉంటుంది.

సరే, కార్మికుడు కాదు కాబట్టి డ్యూటీ అయ్యాక సొంత బతుకు ఉంటుందిగా అంటారేమో. డ్యూటీయే లేనప్పుడు డ్యూటీ అయ్యాక అనేది ఎక్కడిది? 2024లో ఎస్పా అనే గ్రూపులో కరీనా అనే అమ్మాయి ఒక నటుడితో ప్రేమలో ఉందని బయటపడితే, ఆ గ్రూపుని నడిపే ఎస్‌ఎం ఆఫీసు ముందుకి స్క్రీన్ కట్టిన ట్రక్కు వచ్చింది, సారీ చెప్పకపోతే ఆల్బమ్ సేల్స్ పడిపోతాయి, కాన్సర్ట్‌లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి అని దాని మీద రాసుంది. ఆ అమ్మాయి చేత్తో రాసిన క్షమాపణ ఉత్తరం పెట్టింది. ఐదు వారాల్లో బ్రేకప్ కూడా అయిపోయింది. మనం హీరో కటౌట్‌కి బిందెలతో పాలు పోసే జాతి కాబట్టి వాళ్ళని చూసి నవ్వే అర్హత మనకి లేదనుకోండి, కానీ మన దగ్గర హీరో పెళ్ళయితే ఫ్యాన్సే ఫ్లెక్సీ కట్టి స్వీట్లు పంచుతారు, సారీ చెప్పమని లారీ పంపరు.

ఇంకో సంగతి, ఫ్యాన్ కూడా కార్మికుడు కాదు. సియోల్‌లో సాయంత్రం ఆరింటికి పాట వస్తే మనకి మధ్యాహ్నం రెండున్నర, మా మేనకోడలు కాలేజీలో బెంచీ కింద ఫోన్ పెట్టి వ్యూస్ పెంచుతూ ఉంటుంది. "ఎవరిస్తున్నారే నీకు జీతం?" అంటే "మావయ్యా, ప్రేమకి జీతమేంటి" అంది. లేబర్ మినిస్ట్రీలో ఉద్యోగం గ్యారంటీ దీనికి. ఆల్బమ్ లోపల పెట్టే ఐడల్ బొమ్మ, ఆ ఒక్క ఫొటోకార్డు కోసం, ఐడల్ ఎదురుగా కూర్చుని సంతకం పెట్టే ఫ్యాన్ సైన్ లక్కీ డ్రాలో పేరు రావడం కోసం ఒకే ఆల్బమ్ పదులకొద్దీ కొనేవాళ్ళున్నారు. 2024లో సెవెంటీన్ అనే గ్రూపు ఆల్బమ్‌లు టోక్యో షిబుయా వీధిలో కుప్పలుగా వదిలేసి కనిపించాయి, కార్డు తీసుకున్నాక సీడీతో పనేముంది?

ఐడల్స్‌కి నిజమైన ఉద్యోగం దొరికేది ఒక్కచోటే, కొరియాలో మగవాళ్ళు తప్పనిసరిగా వెళ్ళాల్సిన మిలిటరీలో. పద్దెనిమిది నెలలు, లేచే టైము ఉంది, లైట్లార్పే టైము ఉంది, నెలకింతని జీతం ఉంది, ఏ రోజు బయటికొస్తారో ముందే రాసుంటుంది, ఏ ఏజెన్సీ ఇస్తుంది ఇవన్నీ? బీటీఎస్ గ్రూపులో జిన్ అనే అబ్బాయి 2022 డిసెంబర్‌లో వెళ్ళి 2024 జూన్ 12న విడుదలయ్యాడు. మర్నాడే సియోల్‌లో వెయ్యి మంది ఫ్యాన్స్‌ని వరసగా ఒక్కొక్కరినీ కౌగిలించుకున్నాడు, దాదాపు మూడు గంటలు. పని కాదు లెండి, ఊరికే నిలబడ్డాడు.