ముక్కు లేనివాళ్ల ఆగడాలు

సభ్యసమాజంలో ఊపిరి తీసుకోవడానికి ఒక పద్ధతంటూ ఉంది. ముక్కు పీల్చాలి, ఊపిరితిత్తులు అందుకోవాలి, రక్తం మోసుకెళ్లాలి. ఈ మర్యాదను కాలరాస్తున్నది ఎవరో మొహమాటం లేకుండా చెప్పేస్తున్నాం: కీటకాలు.

బొద్దింకనే చూడండి. నోరుంది గానీ, తినడానికే. ఊపిరికి ఒంటి పక్కల 10 జతల చిల్లులు పెట్టుకుంది: ఛాతీ దగ్గర 2, పొట్ట వెంబడి 8. ప్రతి చిల్లుకీ ఒక మూత! ఒంట్లో తడి ఆరిపోకుండా అది ఇష్టమొచ్చినప్పుడు మూసుకుంటుంది, గాలి కావాలంటే తెరుస్తుంది. లోపల వాయునాళాలు. అవి నొక్కుకుపోకుండా గోడల్లో కైటిన్ అనే గట్టి పదార్థపు మెలికలు. చీలుతూ చీలుతూ మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా సన్నబడి, ఆక్సిజన్‌ను నేరుగా కణం గుమ్మంలో దించేస్తాయి. తెల్లటి నెత్తురుకు ఈ రవాణాలో పాత్రే లేదు. పోషకాలు మోసి చేతులు దులుపుకుంటుంది.

తల తీసేసినా దారికి రాదు. మెడ దగ్గర గాయం గడ్డకట్టిందా, రోజుల తరబడి బతికేస్తుంది. ఊపిరి ఆడించే నాడీకణుపులు, అంటే నరాల ముడులు, ఛాతీలోనూ పొట్టలోనూ ఉన్నాయి మరి. తలకాయ లేకుండా విధులు నిర్వర్తించడం మన కార్యాలయాల సొత్తు అనుకున్నాం.

1669లోనే ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ పట్టుపురుగును కోసి ఈ గొట్టాల గుట్టు రట్టు చేశాడు. అయినా చర్యలు శూన్యం. నీళ్లు పోస్తే పోతాయిలే అంటారా? ఒంటి మీది మైనపు పూత నీటిని చిల్లుల దాకా రానివ్వదు. సబ్బు కలిపితే తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, పడిపోయి నీరు లోపలికి దిగుతుంది, అప్పుడు ఉక్కిరిబిక్కిరవుతుంది. క్యూలెక్స్ దోమ లార్వాది మరో తరహా: తలకిందులుగా వేలాడుతూ తోక దగ్గరి గొట్టాన్ని నీటిపైకి పెడుతుంది. పైన నూనె పొర వేస్తే గొట్టం పూడుకుపోతుంది. అనాఫిలిస్ దోమ లార్వాకు గొట్టం లేదు, నీటి మట్టానికి సమాంతరంగా పడుకుంటుంది. నూనెకు అదీ లొంగుతుంది.

ఒక్కటే ఊరట. దూరం పెరిగితే ఈ గొట్టాల్లో గాలి అందడం కష్టం, కాబట్టి కీటకాలు మరీ పెద్దవి కాలేవు. 30 కోట్ల ఏళ్ల కిందట తూనీగల దూరపు చుట్టం ఒకటి 65 సెంటీమీటర్లకు పైగా రెక్కలు చాపింది. అప్పటి గాలిలో ఆక్సిజన్ నేటి 21 శాతం కన్నా ఎక్కువ కావడమే అందుకు కారణమని చాలామంది వాదన.

అన్నిటికన్నా బరితెగించింది తూనీగ పిల్ల. నీళ్లలో ఉంటూ మలద్వారం గుండా నీరు లాగి, పేగు చివరి మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది. వెంటపడితే అదే నీటిని వెనక్కి చిమ్మి దూసుకుపోతుంది. నోటీసు ఏ వైపు అంటించాలో తేలక ఫైలు పెండింగులో ఉంది.