ఇంటి రొట్టెకు ఓటీపీ అక్కర్లేదు

ఫ్లాటు కొంటున్న సంగతి మా బావమరిదికి కూడా చెప్పలేదు. దిష్టి తగులుతుందని మా ఆవిడ నా చేత ఒట్టు వేయించుకుంది. నెల్లూరు వేదాయపాళెంలో నాలుగుసార్లు ఫ్లాటు చూసొచ్చి కూడా, ఏమీ ఎరగనట్టు గమ్మున ఉన్నాం. ఒక సోమవారం పొద్దున బ్యాంకుకు వెళ్లి గృహరుణం దరఖాస్తు ఇచ్చాను. తిరుగు ప్రయాణంలో బండి ఇంకా మాగుంట లేఔట్ దాటలేదు, జేబులో ఫోను మోగింది.

"సార్, హోమ్ లోన్ చూస్తున్నారంట కదా?"

పొద్దు కుంకేలోపు 9 కాల్స్. పావు శాతం తక్కువకే ఇప్పిస్తామనే వాళ్లు, ఇంటితో పాటు ప్రాణానికీ బీమా చేయించమనే వాళ్లు, వంటింటికి అల్మారాలు బిగిస్తామనే వాళ్లు. ఈశాన్యంలో బరువు లేదు కదా అని వాకబు చేసిన వాస్తు సిద్ధాంతి కూడా ఉన్నాడు. వీళ్లలో సగం మందికి నా జీతం తెలుసు. అది మా నాన్నకే చివరిదాకా తెలియదు.

ఇలాంటి వాటిని కొందరు గోప్యతకు భంగం అంటారు. నేను ఆ కృతఘ్నుల జాబితాలో చేరను. పండక్కి కూడా ఫోన్ చేయని చుట్టాలున్న రోజుల్లో, ముక్కూమొహం తెలియని అమ్మాయి "భోంచేశారా సార్" అని అడిగి మరీ అప్పిస్తానంటే కళ్లు చెమర్చాలి గానీ కోపం రావడమేమిటి?

పైగా తప్పు వాళ్లది కాదు. రుణం ఇప్పించే ఏజెంటు, ఆ రంగంలో డీఎస్ఏ అంటారు, టిక్కు పెట్టిన చోటల్లా సంతకం చేయమన్నాడు. 17 చోట్ల చేశాను. రాత్రి కళ్లజోడు పెట్టుకుని చూస్తే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: నా నంబరు ప్రచార కాల్స్ వద్దనే డీఎన్‌డీ జాబితాలో ఉన్నా సరే, వాళ్లూ, వాళ్ల అనుబంధ సంస్థలూ, భాగస్వాములూ నాకు ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు, వాట్సాప్‌లో పలకరించొచ్చు. పిలిచింది నేనే. వచ్చిన వాళ్లను ఎందుకొచ్చారంటే మర్యాదగా ఉంటుందా?

జాగ్రత్త పడలేదా అంటే పడ్డాను. ఆధార్‌లో మొదటి 8 అంకెలు కనపడకుండా డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది కదా, అదే పట్టుకెళ్లాను. "ఇట్టా చుక్కలుంటే కుదరదు సార్, నిండుగా ఉండాల" అన్నాడు ఏజెంటు. సరేనని కాపీ మీద అడ్డంగా "గృహరుణం కోసం మాత్రమే" అని తేదీతో సహా రాశాను. స్కానింగు పాడవుతుందని బాధపడి, గీతల్లేని కాపీ ఇంకోటి తెమ్మన్నాడు.

అందుకోసం జిరాక్సు షాపుకు వెళ్లాను. అక్కడ పాన్ కార్డు మొదటి కాపీ మసగ్గా వచ్చింది. షాపాయన పారేయలేదు. వెనక్కి తిప్పి, చెవి మీది పెన్ను తీసి, 24 ఇంటూ 2 అని లెక్క కట్టి, "48 ఇయ్యండి సార్" అని ఆ కాగితాన్ని అట్టపెట్టెలో వేశాడు. అందులో అప్పటికే సగం నెల్లూరు ఉంది. పైన ఎవరిదో పెళ్లి సర్టిఫికెట్టు.

ఇక ఏజెంటు ఉత్సాహం. నేను అడిగింది ఒక్క బ్యాంకును. నా క్రెడిట్ రిపోర్టు, అంటే అప్పుల చిట్టా, చూశారంటూ మెసేజ్‌లు 4 వచ్చాయి. ఎవరైనా రిపోర్టు తీస్తే మనకు కబురు రావాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన అది. అప్పు కోసం ఊరంతా తిరుగుతున్నట్టు కనపడితే క్రెడిట్ స్కోరు కాస్త తగ్గుతుంది కూడా. తగ్గిందని తెలిపే ఫోన్ కూడా వచ్చింది, రుసుము కడితే పెంచుతామని.

చట్టాలకు మనకేం లోటు లేదు. 1909కి ఫోన్ చేసి బ్యాంకుల ప్రకటనలు ఆపించుకోవచ్చు. వ్యాపార ప్రచారం 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలి. మామూలు పది అంకెల నంబరు నుంచి చేస్తే 7 రోజుల్లో ఫిర్యాదు చేయొచ్చు. అయితే నాకొచ్చినవన్నీ పది అంకెలవే. ఫిర్యాదు రాయడానికి కూర్చుంటే ఇంకో ఫోన్ వస్తుంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం సమ్మతిని తెలుగులో కూడా చదువుకునే వీలుండాలంటోంది. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోనివ్వాలనీ అంటోంది. 250 కోట్ల దాకా జరిమానాలున్నాయి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు మొదలయ్యేది 18 నెలల తర్వాత. నా అప్పు అంతవరకు ఆగదు.

డల్లాస్‌లో మా మేనల్లుడు ఈ గోడంతా విని నవ్వాడు. అక్కడ ఇల్లు కొనడానికి అప్పు అడిగారనే సమాచారాన్ని ఆ అప్పుల చిట్టాలు రాసే క్రెడిట్ బ్యూరోలే రసీదిచ్చి మరీ అమ్ముకునేవట. దాన్ని చాలావరకు ఆపే చట్టం మీద 2025 సెప్టెంబరులో సంతకమైంది. మన దగ్గర అంత బాహాటంగా ఉండదు, అంతా మొహమాటంగా జరిగిపోతుంది.

నిరుడు రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో, సొంతిల్లు కావాలని కోరుకుని ఇంటి రొట్టె పట్టుకున్నాను. మోకాల్లోతు నీళ్లలో నిలబడి ఒక పెద్దావిడ "ఇంటి రొట్టేనా నాయనా?" అంది. అవునన్నాను. కొంగు తడవకుండా సర్దుకుని రొట్టె చేతిలో పెట్టింది. పేరడగలేదు, నంబరడగలేదు, ఓటీపీ రాలేదు. కోరిక తీరితే మళ్లీ వచ్చి, కోరుకున్న ఇంకొకరికి ఇవ్వాలి. ఒప్పందం అంతే.

లోను మంజూరైన రోజు సంతోషం పట్టలేక ఈ సంగతి ఏజెంటుకు చెప్పాను. తను భక్తిగా విన్నాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇంటి రొట్టె వాళ్లు చెరువులో ఏ పక్క నిలబడతారు సార్?"