‘అచ్చం ఇలాగే కావాలి’

మగ్గం వర్క్ చేసే ఏ టైలర్ షాపులోనైనా ఒక అరగంట కూర్చోండి. "అచ్చం ఇలాగే కావాలి" అనే మాట కనీసం రెండుసార్లు వినిపిస్తుంది. అనేవాళ్ల చేతిలో ఫోన్ ఉంటుంది. ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్ నుంచో పింటరెస్ట్ నుంచో తీసిన జాకెట్టు స్క్రీన్‌షాట్. ఆ జాకెట్టు పక్క ఊళ్లో కుట్టిందా, ముంబైలో కుట్టిందా అన్నది ఎవరికీ పట్టదు. వెనకటికి ఇదే షాపులో ఒక మూల చెవులు మడతపడిన డిజైన్ల పుస్తకాలు ఉండేవి. టైలర్ ఆ పుస్తకం తీసి ఇస్తే అందులోంచి ఏరుకునేవాళ్లు. ఇప్పుడు పుస్తకం కస్టమర్ దగ్గరే ఉంది. దానికి చివరి పేజీ లేదు.

బొమ్మతో, అంటే ఫొటోతోనో వీడియోతోనో, వ్యాపారం అనగానే చాలామంది "రీల్ పెడితే అమ్ముడుపోతుంది" అన్నంత వరకే ఆలోచిస్తారు. పెట్టమని చెప్పే కోర్సులకు కూడా కొదవ లేదు. ‘30 రోజుల్లో పది వేల ఫాలోవర్లు’ అంటూ అమ్మే ఆ కోర్సులు కూడా రీల్స్ మీదే అమ్ముడవుతాయి, అది వేరే సంగతి. నాకు కనిపిస్తున్నది మాత్రం ఇది: కంటితో చూసి తేల్చుకోగల సరుకుకు బొమ్మ నిజంగా పనికొస్తుంది. కంటికి తేలని సరుకు దగ్గర బొమ్మ ఎంత అందంగా ఉంటే కొనేవాడు అంత ఆగి చూసుకోవాలి. పచ్చడి, పట్టుచీర, ప్లాట్, డాక్టరు వైద్యం, అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘రీల్ చేయండి’ అనడం సలహా కాదు.

మగ్గం వర్క్ ఈ పద్ధతికి కొలిచినట్టు సరిపోయే వ్యాపారం. పూస ఎంత దగ్గరగా కుట్టారో, జర్దోసీ తీగ వంకర పోయిందో లేదో, అంచు దగ్గర దారం తేలిందో లేదో కెమెరా దగ్గరగా పెడితే కనిపించేస్తుంది. చెప్పడానికేమీ మిగలదు. అందుకే చిన్న చిన్న పట్టణాల్లో ఇంట్లోనే ఫ్రేమ్ వేసుకుని కూర్చున్న ఆడవాళ్లకు బోర్డు లేకుండా, బజార్లో షాపు లేకుండా పెళ్లి ఆర్డర్లు వస్తున్నాయి. షాపు అడ్వాన్సు, నెల అద్దె మిగిలాయి. ఈ మేలు చిన్నది కాదు.

దీనికి రెండో వైపు ఉంది. పొద్దున పెట్టిన డిజైన్ రాత్రికి ఇంకో ఊళ్లో ఫ్రేమ్ మీదికి ఎక్కుతుంది. పైగా స్క్రీన్‌షాట్ తెచ్చిన కస్టమర్‌కి ఆ బొమ్మే కొలబద్ద. రింగ్ లైట్ కింద, ఫిల్టర్ వేసి, సన్నటి మోడల్ ఒంటి మీద తీసిన ఫొటోకీ, మూడు వేల బడ్జెట్‌లో తన కొలతలకు కుట్టించుకున్న జాకెట్టుకీ తేడా వస్తే తప్పు టైలర్ మీద పడుతుంది. ఆర్డరు తెచ్చిన బొమ్మే తగువూ తెస్తుందన్నమాట.

చీరల దగ్గరికి వస్తే కథ ఇంకా ముదురుతుంది. రాత్రి ఎనిమిది తర్వాత యూట్యూబ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో చీరల లైవ్ చూసేవాళ్లు తెలుగు ఇళ్లలో చాలామందే. "హాయ్ అండీ, అందరికీ వినిపిస్తోందా? నంబర్ పద్నాలుగు, సింగిల్ పీస్, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేసేయండి." ఆ గొంతులోని తొందర కొత్తది కాదు. ఒకప్పుడు మూట భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగే చీరల వ్యాపారి అరుగు మీద మూట విప్పి ఒక్కో చీరా కుచ్చెళ్లు పోసి చూపించేవాడు. "ఈ రంగు మళ్లీ రాదమ్మా" అని అప్పుడూ అనేవాడు. అదే మూట ఇప్పుడు ఫోన్‌లో విప్పుతున్నారు. కాకపోతే ఆయన అప్పు ఇచ్చేవాడు. వచ్చే నెల డబ్బుల కోసం అదే వీధికి వచ్చేవాడు కాబట్టి చీర రంగు పోతే మొహం చాటేయడానికి వీలుండేది కాదు. లైవ్‌లో ముందు ఫోన్‌పే చేయాలి. ‘నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్’ అని స్క్రీన్ మీదే రాసి ఉంటుంది. డ్యామేజ్ అంటే పార్శిల్ కత్తిరించిన దగ్గర్నుంచీ ఆపకుండా తీసిన వీడియో పంపాలి. మా ఇంట్లో పెళ్లికని ఇలాగే ముదురాకుపచ్చ అనుకుని కొన్న చీర నీలానికి దగ్గరగా వచ్చింది. అడిగితే "లైటింగ్ వల్ల స్లైట్ కలర్ వేరియేషన్ ఉంటుందని చెప్పాం కదండీ" అన్నారు. నిజమే, చెప్పారు. సన్నటి అక్షరాల్లో.

2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు చూస్తే, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనడానికి లేదు. ఇంట్లో వాడని వస్తువు ఒకటీ అరా అమ్ముకునేవాళ్ల సంగతి వేరు, రోజూ లైవ్ పెట్టి అమ్మేది వ్యాపారమే. ‘నో రిటర్న్’ అని రాసుకున్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు. అయినా పదిహేను వందల చీర కోసం వినియోగదారుల కమిషన్‌కి ఎవరు వెళతారు? అమ్మేవాళ్ల ధైర్యం అదే.

రంగు సంగతి అలా ఉంచితే, చేనేతకు బొమ్మ చేస్తున్న కీడు ఇంకొకటి ఉంది. ఫోన్ తెర మీద అసలు పోచంపల్లి ఇక్కత్, ఆ డిజైన్‌ని అచ్చు కొట్టిన ప్రింట్ చీర ఒకేలా కనిపిస్తాయి. ఇంకా చెప్పాలంటే ప్రింటే బాగా కనిపిస్తుంది, గీతలు పదునుగా ఉంటాయి కాబట్టి. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి, చీర తిరగేసినా రంగు అంతే ఉంటుంది. ఆ చెదరడమే అసలుకు గుర్తు. తెర మీద మాత్రం అది లోపంలా కనిపిస్తుంది. చేతిపనికి ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

అయితే ఇదే కెమెరాను చీర మీద నుంచి పని మీదికి తిప్పిన నేతగాళ్లు ఉన్నారు. ముడులు కట్టే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడాన్ని ఆసు పోయడం అంటారు. అప్పుడు ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పనిలో తల్లి భుజాలు అరిగిపోవడం చూసిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆసు పోయడం, ముడులు కట్టడం, రంగులో ముంచడం, చీరను తిరగేసి చూపించడం, వీటిని ప్రింట్ వ్యాపారి నకలు చేయలేడు. డిజైన్‌ని ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, మగ్గాన్ని ఎత్తుకుపోలేరు. చేనేత సంఘాలు ఫ్యాషన్ షో ఫొటోల మీద పెట్టే ఖర్చులో కొంత ఈ పనికి మళ్లిస్తే బాగుంటుందని నా అభిప్రాయం. నిమిషం వీడియో చూసినవాళ్లు ధర ఎందుకంత అని అడగడం కొంతైనా మానేస్తారు.

ఇక రుచి. ఆవకాయ రుచి ఫోన్‌లో తెలియదు. ఎర్రటి నూనె తేలుతున్న జాడీ నోరూరిస్తుంది గానీ ఉప్పు సరిపోయిందో లేదో చెప్పదు. కాబట్టి పచ్చళ్ల రీల్స్‌లో అమ్మేది పచ్చడిని కాదు, కలిపే చేతిని. అమ్మో, అమ్మమ్మో తెర మీదికి వస్తారు. మాట యాస వినిపిస్తుంది. డాలస్‌లో కూర్చున్న కుర్రాడికి వాళ్లింటి వంటిల్లు గుర్తొస్తుంది, ఆర్డరు పడుతుంది. మనిషి మీద నడిచే వ్యాపారానికి మనిషే ప్రమాదం కూడా. 2025 ఏప్రిల్‌లో ఒక పచ్చళ్ల వ్యాపారం గురించి తెలుగు సోషల్ మీడియా అంతా మాట్లాడుకుంది. ధర ఎక్కువన్న కస్టమర్‌కి వెళ్లిన బూతుల ఆడియో బయటికి వచ్చింది. పేరు చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. గొడవ మొదలైంది పచ్చడి రుచి మీద కాదు, అయినా వ్యాపారం ఊపిరి ఆగినంత పనైంది. నిజానికి ఆహారం కొనేటప్పుడు అడగాల్సింది ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబర్, తయారైన తేదీ. రీల్ కింద కామెంట్లలో అవి అడిగేవాళ్లు కనపడరు. ‘పీపీ’ (ప్రైస్ ప్లీజ్) అని రేటు అడిగేవాళ్లే అందరూ.

వ్యూస్ వచ్చినంత మాత్రాన గల్లా నిండదన్నది హోటళ్లవాళ్లకు బాగా తెలుసు. అమలాపురంలోని టిఫిన్ సెంటర్‌కి అట్లాంటాలో వేల మంది ఫాలోవర్లు ఉన్నా పెసరట్టు తినేది అమలాపురం బస్టాండులో దిగినవాళ్లే. అలాంటివాళ్లకు గూగుల్ మ్యాప్స్‌లో సరైన చోటు, తెరిచే వేళ, నాలుగు మంచి ఫొటోలు ఉంటే వైరల్ వీడియో కంటే ఎక్కువ పని చేస్తాయి. మోటారు రీవైండింగ్ చేసేవాడికి, బోరు బాగుచేసేవాడికి ఆ మాత్రం కూడా అక్కర్లేదు, వాట్సాప్ స్టేటస్ చాలు.

వైరల్ అయితే ఏమవుతుందో హైదరాబాద్ 2024 జనవరిలో చూసింది. మాదాపూర్‌లో రోడ్డు పక్కన ఒకావిడ భోజనం పెట్టే స్టాల్ వీడియోలకెక్కింది. యూట్యూబర్లు, వాళ్లను చూసి జనం, జనంతో పాటు బండ్లు. ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు స్టాల్ తీయించారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుని అక్కడే కొనసాగనివ్వమన్నారు. ఆమె కథ సుఖాంతమైంది, సంతోషం. ప్రతి ఫుట్‌పాత్ స్టాల్‌కీ ముఖ్యమంత్రి దొరకడు కదా. పది మంది కూర్చునే చోటికి ఐదొందల మందిని పంపే రీల్ మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది ఆ వారం గడిచాక గానీ తేలదు.

కంటికి తేలని సరుకుల్లో అన్నిటికంటే ఖరీదైంది భూమి. డ్రోన్ పైకి లేస్తుంది, పచ్చటి చెట్లు, నల్లటి రోడ్డు, వెనక వీణ సంగీతం. ‘ఎయిర్‌పోర్టుకి 20 నిమిషాలే.’ ఏ వేళ, ఏ బండిలో అన్నది చెప్పరు. ‘ప్రీ-లాంచ్ ఆఫర్’ అన్న మాట వినగానే అనుమానం రావాలి. రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టుకు అది రాకముందు ప్రకటన ఇవ్వడమే తప్పు. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా ఖర్చులో పది శాతం దాకా జరిమానా. ప్రకటనలో రెరా నంబర్ స్పష్టంగా కనిపించాలి. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లకు పరిహారం అడిగే హక్కు కూడా అదే చట్టంలో ఉంది. రీల్ కూడా ప్రకటనే. కాబట్టి ప్లాట్ రీల్ నచ్చితే సేవ్ చేసి పెట్టుకోండి, రేపు సాక్ష్యంగా పనికొస్తుంది.

డాక్టర్లు, లాయర్లు ఈ సంతలోకి దిగకూడదని నియమాలే చెబుతున్నాయి. వైద్యులు పేషెంట్లను ఆకర్షించే ప్రచారం చేయడాన్ని 2002 నాటి వృత్తి నియమావళి, లాయర్ల ప్రకటనలను బార్ కౌన్సిల్ 36వ నియమం నిషేధించాయి. జుట్టు మొలిపించే క్లినిక్కుల ‘బిఫోర్, ఆఫ్టర్’ ఫొటోలు మాత్రం ఆగలేదు. రెండు ఫొటోల మధ్య మారింది జుట్టా, లైటా అన్నది చూసేవాళ్లకు తెలిసే దారి లేదు.

డబ్బు తీసుకుని పొగిడినప్పుడు ఆ సంగతి చెప్పాలా? చెప్పాలి. 2021లో ప్రకటనల మండలి ఆస్కీ, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలు ఇచ్చాయి. డబ్బే కానక్కర్లేదు, ఉచితంగా వచ్చిన భోజనం, హోటల్ గది కూడా లెక్కలోకి వస్తాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు జరిమానా మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఇంత ఉన్నా మన ఫుడ్ రీల్స్‌లో "ఇది ప్రకటన" అన్న ముక్క కనపడటం అరుదు. "అన్నా, ఒక్కసారి తిని చూడండి, వేరే లెవెల్" అన్నది మాత్రం ప్రతి దాంట్లో ఉంటుంది. బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు నటుల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టేదాకా చాలామందికి ఇది చట్టం చూసే విషయమని కూడా తట్టలేదు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలనే నేరం చేసింది.

చిన్న వ్యాపారి గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ ఇంకొకటుంది. 2020 జూన్ 29. ఆ రోజు కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది, వాటిలో టిక్‌టాక్ ఒకటి. వారం పది రోజుల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇక్కడ మొదలైంది. వీడియోలు తీసేవాళ్లు అటు మారిపోయారు గానీ, కూడబెట్టుకున్న ఫాలోవర్లు వెంట రాలేదు. మళ్లీ సున్నా నుంచి. ఏ యాప్ అయినా మనది కాదు, రేపు ఎవరికి ఏం చూపించాలో అదే తేల్చుకుంటుంది. అందుకే తెలివైనవాళ్లు రీల్ చూసి వచ్చిన ప్రతి కస్టమర్ ఫోన్ నంబర్, వాళ్ల కొలతలు, ఇంట్లో పెళ్లిళ్ల తేదీలు ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నారు.

నాకు తెలిసిన ఒక మగ్గం వర్క్ ఆవిడ అయితే ఇప్పుడు పెళ్లి జాకెట్టు ఫొటో పెళ్లయ్యేదాకా పెట్టడం మానేసింది. మధ్యలో పెట్టేది ఫ్రేమ్ మీద నడుస్తున్న తన చెయ్యి, సూది, సగం కుట్టిన నెమలి. ఎవరైనా ఫోన్ చూపించి "అచ్చం ఇలాగే" అంటే, ఆ ఫొటో పక్కన తన పాత జాకెట్టు ఒకటి పెట్టి, "ఇది రింగ్ లైట్ అమ్మా, ఇది మన ట్యూబ్‌లైట్. ఏ లైటు కింద వేసుకుంటారో చెప్పండి" అంటుంది. సగం మంది నవ్వేసి అడ్వాన్సు ఇస్తారు. మిగతా సగం మంది ఫోన్ జేబులో పెట్టుకుని పక్క షాపుకి వెళతారు.