ఎండని చేపను కెమెరా ఏమని అడగాలి?

మా చెల్లెలి కూతురికి ఐదేళ్లు నిండినప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో ఫొటో షూట్ పెట్టారు. పొద్దున్నే ఐదున్నరకల్లా పిల్లకు నీలం గౌను తొడిగి, వీపుకు అట్టతో చేసిన రెక్కలు కట్టి, చేతిలో నక్షత్రం అతికించిన పుల్ల పెట్టి నిలబెట్టారు. సముద్రపు గాలికి రెక్కలు వెనక్కి లాగుతుంటే పాప రెండడుగులు వేసి ఆగిపోయేది. పది రోజుల తర్వాత ఆల్బమ్ వచ్చింది. అందులో సముద్రం లేదు. ఇసుకా లేదు. మంచు కొండలున్నాయి, వాటి మధ్య ఒక తెల్లటి కోట ఉంది. పాప చాలాసేపు చూసి, "మావయ్యా, ఈ కోట ఎక్కడుంది? నేను వెళ్లలేదు కదా" అంది. అక్కడున్న పెద్దవాళ్లలో ఒక్కరమూ జవాబు చెప్పలేకపోయాం.

కథ చెప్పేటప్పుడు 'అనగనగా ఒక ఊరు' అంటాం. వినే పిల్ల తనకు తెలిసిన ఊరిని తెచ్చి అక్కడ పెట్టుకుంటుంది. భీమిలి పిల్ల ఊహలో ఆ ఊరికి సముద్రం ఉంటుంది, పాడేరు పిల్ల ఊహలో కొండ ఉంటుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఏదో ఒక ఊరినే తీయాలి, ఆ ఊళ్లో గోడకు సున్నం ఎక్కడ రాలిందో అదీ కనిపిస్తుంది. జానపద కథను ఫొటోలోకో సినిమాలోకో తేవాలనుకునే ఎవరికైనా అసలు చిక్కు ఇదే. మాయను ఎలా చూపించాలన్నది తర్వాతి సంగతి. ఆ మాయ చుట్టూ ఉన్న మామూలు లోకం ఎవరిదో ముందు తేలాలి. చుట్టూ ఉన్నది నిజమైతేనే మధ్యలో మాయను కన్ను నమ్ముతుందని నా గట్టి అభిప్రాయం.

1917లో ఇంగ్లండ్‌లోని కాటింగ్లీ అనే ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలు, వరసకు అక్కాచెల్లెళ్లు, పెద్దదానికి పదహారేళ్లు, చిన్నదానికి తొమ్మిది, తమ ఇంటి వెనక వాగు దగ్గర ఫొటోలు తీసుకున్నారు. వాటిలో రెక్కలున్న బుల్లి దేవకన్యలు ఆడుతూ కనిపించారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు నమ్మి, 1920లో వాటి గురించి పత్రికలో రాశాడు. అవి పుస్తకంలోని బొమ్మలు చూసి గీసి, కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టిన కాగితాలని ఆ ఇద్దరూ ఒప్పుకున్నది 1983లో, ముసలివాళ్లయ్యాక. ఇప్పుడు చూస్తే కాగితమని ఇట్టే తెలిసిపోతుంది. మరి అప్పట్లో అంతమంది ఎలా నమ్మారు? వాగు నిజం. ఆకులు నిజం. కెమెరా వైపు చూస్తున్న పిల్ల ముఖం నిజం. ఫొటోలో కాగితం ఉన్నది చారెడు, మిగతాదంతా వాళ్లు రోజూ తిరిగే చోటు. మా పాప ఆల్బమ్‌లో లెక్క తిరగబడింది. అక్కడ నిజమైనది ముఖం ఒక్కటే. ఇప్పుడు ఏఐతో చేస్తున్న ఫొటోల్లో ఆ ముఖాన్ని కూడా నున్నగా చెక్కేస్తున్నారు.

మన వాళ్లకు ఈ రహస్యం బాగా తెలుసు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడి భోజనం చూడండి. జరిగే మాయ చిన్నది: లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి వెళ్తాయి. కానీ ఆ గదిలో ఉన్నవన్నీ మన పెళ్లిళ్ల వంటశాలలో కనిపించేవే. ఏ తెలుగువాడైనా ఆ పిండివంటలను పేరు పెట్టి పిలవగలడు, వాటి వాసన కూడా తెలుసు. ఆ ఆకలి మనకు తెలిసిన ఆకలి కాబట్టే లడ్డూ గాల్లోకి లేచినప్పుడు పిల్లలు కేరింతలు కొడతారు. అదే సినిమాలో ద్వారక కోసం 300కు పైగా బుల్లి ఇళ్లు కట్టి వాటికి కరెంటు దీపాలు పెట్టారు. తెర మీద అది కొద్దిసేపే ఉంటుంది. అయినా ఎవరో ఒక మనిషి వంగి ఒక్కో ఇంటికీ దీపం పెట్టాడు. పడవ పాటలో వెన్నెల కూడా ఆకాశం ఇచ్చింది కాదు, కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే పుట్టించింది. దర్శకుడు కె.వి.రెడ్డి దగ్గర ఆ రోజుల్లో సహాయకుడిగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు 1994లో 'భైరవద్వీపం' అనే జానపద సినిమా తీశారంటే, ఆ చేతి పని ఒక తరం నుంచి ఇంకో తరానికి అందిందన్నమాట.

ఈ మాట విశాఖలో కూర్చుని అనడానికి నాకు ఇంకో కారణం ఉంది. చందమామ అట్టల మీద దశాబ్దాల పాటు బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య పుట్టింది శ్రీకాకుళంలో, ఎక్కువకాలం ఉన్నది మన అనకాపల్లి పక్కనున్న కశింకోటలో. మద్రాసులో అచ్చయ్యే పత్రికకు దేవకన్యలూ రాజకుమార్తెలూ ఇక్కడి నుంచే వెళ్లారు. నా చిన్నప్పుడు ఆ అట్టలను కత్తిరించి లెక్కల నోట్సుకు వేసుకునేవాళ్లం. ఆకాశం ఏ రంగులో ఉన్నా, ఆ ఆడవాళ్ల చీరకట్టూ జడలో పూలూ మనకు తెలిసినవే. మన పక్కనే ఇంత పెద్ద పాఠం ఉండగా మన స్టూడియోలు రెడీమేడ్ కోటల కోసం వెతుక్కోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఫొటోగ్రాఫర్లనే అని లాభం లేదు. ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "అచ్చం ఇలాగే కావాలి" అనేది తల్లిదండ్రులే, అంటే మేమే. పెళ్లిళ్లు లేని నెలల్లో పిల్లల షూట్‌లతో ఇల్లు గడిచేవాళ్లు కొత్త ప్రయోగానికి ఒక రోజు పోగొట్టుకోలేరు. విదేశీ కథలు వద్దని కూడా నేను అనను. సిండ్రెల్లా కథ మన పిల్లలకూ ఇష్టమే. కాకపోతే రథంగా మారబోయే గుమ్మడికాయ పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిందైతే, దాని మీద ఇంకా మట్టి అంటుకుని ఉంటే, ఆ కథ మన ఇంటికి వచ్చినట్టు ఉంటుంది.

లొకేషన్ల సంగతికొస్తే, మనకున్నన్ని ఎవరికున్నాయి? బొర్రా గుహల్లో రాతి కొసన నీటిచుక్క వేలాడి, వణికి, జారే వరకు నిలబడి చూస్తే చాలు, మాంత్రికుడి గుహ దొరికినట్టే. అక్కడ రంగురంగుల లైట్లు వేసి రాయి అసలు రంగును కప్పేస్తున్నాం. ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లుగా ఏర్పడిన నేల, అడుగు గట్టిగా వేస్తే రాలిపోతుంది. షూటింగ్‌కు వెళ్లేవాళ్లు ఆ నేలను బ్యాక్‌గ్రౌండ్‌గా వాడి తొక్కేసి రావడం తప్పు. చోటు ఎంత గొప్పదైనా, దాన్ని కథలో మనిషిలా చూడకపోతే అది గోడకు కట్టిన పరదాయే.

ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తల్లో, 1858లో, హెన్రీ పీచ్ రాబిన్సన్ అనే ఇంగ్లిష్ ఫొటోగ్రాఫర్ ఎర్రటోపీ పిల్ల, తోడేలు కథను నాలుగు ఫొటోల్లో చెప్పాడు. మన ఏడు చేపల కథకు పది చాలు. ఆ కథను కెమెరా కోసమే అల్లారా అనిపిస్తుంది నాకు. మొదట రాజు, తర్వాత ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, వాటిలో ఎండని ఒక్క చేప. చేపకు గడ్డిమోపు అడ్డం. గడ్డిని ఆవు మేయలేదు, ఆవును గొల్లవాడు విప్పలేదు, గొల్లవాడికి అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వ దగ్గర పసివాడు ఏడ్చాడు, పసివాణ్ని చీమ కుట్టింది. రాజు దగ్గర మొదలై చీమ దగ్గర ఆగుతుంది. ఏ అడుగులోనూ గ్రాఫిక్స్ అక్కర్లేదు. ఇందులో మాయల్లా చేప, గడ్డి, ఆవు, చీమ మాట్లాడటమే. అడిగే మనిషి ఎంత వంగి, ఎంత దగ్గరికి వెళ్లి అడుగుతున్నాడో చూపిస్తే ఫొటోలో ఆ మాటా వినిపిస్తుంది.

మొన్న ఆదివారం పాపను తీసుకుని పెద జాలారిపేట వెళ్లాను. ఇసుక మీద వలలు పరిచి నెత్తళ్లు ఎండబెట్టారు. వెండి రేకుల్లా మెరుస్తున్నాయి. కాకులను తోలుతున్న ఒకావిడ నన్ను చూసి, "ఏటి బాబూ, ఎండు చేపలకి ఫొటోలేటి?" అంది. ఏడు చేపల కథ కోసం అని చెప్పాను. ఆవిడ నవ్వి, వల అంచున విడిగా పెట్టిన కాస్త పెద్ద చేపల్లోంచి ఏడింటిని ఏరి వరసగా పేర్చింది. చివరిదాన్ని వేలితో నొక్కి చూసి, "ఇది ఇంకా పచ్చిదే" అని పాపకు చూపించింది.

పాప మోకాళ్ల మీద కూర్చుని ఆ చేపకు చెవి ఆనించేంత దగ్గరగా వంగింది. "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" అని గుసగుసగా అడిగింది. ఆ ఫొటోలో పాప చెంపకు ఇసుక అంటుకుని ఉంది, వెనక ఎవరిదో పడవ సగం కనిపిస్తోంది. ఫోకస్ కొంచెం తప్పింది కూడా. ఇంటికి వచ్చాక దాన్ని ఫోన్‌లో నాలుగైదుసార్లు పెద్దది చేసి చూసుకుని, "మావయ్యా, చీమని తియ్యలేదు" అని గుర్తు చేసింది. ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాం.