సవరణ: నాపరాయి మీది ఆ 'ఆకు' శిలాజం కాదు

బేతంచర్ల నాపరాయి పలక మీద నల్లటి కొమ్మల గుర్తులున్న ఫొటో పెట్టి, అది కోట్ల ఏళ్ల నాటి ఫెర్న్ (పువ్వులు పూయని ఒక రకం మొక్క) ఆకు శిలాజమని రాశాను. అది తప్పు. ఆ గుర్తుల్ని డెండ్రైట్లు అంటారు. మాంగనీసు, ఇనుము కరిగిన నీరు రాతి పగుళ్లలోకి, పొరల మధ్యకి ఇంకి, ఆ లోహాల ఆక్సైడ్లు కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. మొక్కతో సంబంధమే లేదు. జియాలజీ చదివినవాళ్లు చెప్పాక పాఠ్యపుస్తకాల్లోనూ చూశాను, ఇదే ఉంది.

అసలు వయసు లెక్కే కుదరదు. నాపరాయి ఒక రకం సున్నపురాయి, కర్నూలు ప్రాంతపు ఈ రాయి 50 కోట్ల ఏళ్ల కంటే పాతది. ఫెర్న్‌లు పుట్టింది గత 40 కోట్ల ఏళ్లలోనే.

గుర్తుపట్టడం కష్టం కాదు. నిజమైన ఫెర్న్ ఆకు ముద్రలో నడి ఈనె, దానికి రెండు వైపులా ఒక పద్ధతిలో చిన్న ఆకులు కనిపిస్తాయి. డెండ్రైట్‌కి ఈనెలుండవు, చాలాసార్లు పగులు అంచు నుంచి మొదలై ఇష్టమొచ్చినట్టు చీలుతుంది. అసలైన ఆకు శిలాజాలు గోదావరి లోయ బొగ్గు పొరల దగ్గరి షేల్ రాళ్లలో (బురద గట్టిపడి ఏర్పడిన పొరల రాయి) ఉన్నాయి, గ్లాసోప్టెరిస్ అనే అంతరించిపోయిన మొక్క ఆకుల లాంటివి.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా జత చేయండి. పిల్లలకు చూపించామని కొందరు రాశారు, వాళ్లకైతే తప్పకుండా చెప్పండి.